అవార్డుల వేదికపై గొంతు విప్పనివ్వండి

1988 మార్చి 2న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో అమెరికా సంగీత రంగపు గ్రామీ అవార్డుల ప్రదానం జరిగింది. ‘బ్యాడ్’ ఆల్బమ్‌తో పోటీకి వచ్చిన మైకేల్ జాక్సన్ ఆ రాత్రి ఒక్క అవార్డు కూడా అందుకోలేదు. ఉత్తమ ఆల్బమ్ అవార్డు ఐర్లండ్ బ్యాండ్ యూటూకి వెళ్లింది. ‘బ్యాడ్’కు దక్కిన గుర్తింపల్లా దాన్ని రికార్డు చేసిన ఇంజనీర్లు బ్రూస్ స్వీడియెన్, హంబర్టో గటీకాలకు వచ్చిన అవార్డే. అయినా ఆ రాత్రి సంగతి ఇవాళ ఎవరు ఎత్తినా విజేతల జాబితాతో మొదలుపెట్టరు. జాక్సన్ ‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’ పాడిన తీరుతోనే మొదలుపెడతారు. వెనక చర్చి గీతాల బృందం పల్లవి అందుకుంటుంటే అతను మోకాళ్ల మీదికి వాలిపోయాడు, మళ్లీ లేచాడు, మళ్లీ పాడాడు. రికార్డులోని పాట నున్నగా, ఎక్కడా గీత పడకుండా ఉంటుంది. వేదిక మీది పాటలో రొప్పు వినిపిస్తుంది. జనం ఇప్పటికీ వెతుక్కుని చూస్తున్నది ఆ రొప్పున్న పాటనే.

నేను విజయవాడలో సౌండ్ పని చేసే మనిషిని. వినాయక చవితి పందిళ్ల దగ్గర వైర్లు లాగడంతో మొదలుపెట్టి, పెళ్లి సంగీత్‌లు, సినీ సంగీత విభావరులు, ఆడియో ఫంక్షన్లు, అవార్డుల వేడుకల దాకా మిక్సర్ వెనకే నా జీవితం గడిచింది. పాడేవాళ్ల ముఖం కన్నా వాళ్ల గొంతే నాకు ఎక్కువ తెలుసు. ఎవరు ఏ అక్షరం దగ్గర ఊపిరి తీసుకుంటారో, ఎవరు పై స్థాయికి వెళ్లేటప్పుడు మైకును దూరం జరుపుతారో నా వేళ్లకు తెలుసు. అందుకే ఈ మాట రాయాలనిపించింది. మన అవార్డుల వేదికల మీద పాట పాడించడం దాదాపు మానేశాం. ట్రాక్ వేస్తున్నాం. ఇది మారాలి.

ట్రాక్ వేయడమంటే ఏమిటో కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు. గాయని చేతిలో మైకు ఉంటుంది. మిక్సర్ మీద ఆ మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే ఫేడర్ పూర్తిగా కిందికి దించి ఉంటుంది. పాట మొత్తం, వాయిద్యాలూ గొంతూ అన్నీ కలిపి, లాప్‌టాప్‌లోంచి వస్తుంది. ఆమె పెదవులు కదుపుతుంది, చేయి ఊపుతుంది, నవ్వుతుంది. పాట అయిపోయాక ‘అందరికీ నమస్కారం’ అనబోయే క్షణంలో ఫేడర్ పైకి లేపుతాను. అప్పటిదాకా పాడిందనుకున్న మనిషి అసలు గొంతు హాల్లో మొదటిసారి వినిపించేది ఆ నమస్కారంలోనే.

ఒక అవార్డుల వేడుకలో ఇలాగే జరిగింది. ఆ ఏటి ఉత్తమ గాయని అవార్డు అందుకోబోతున్న అమ్మాయి మధ్యాహ్నమే వచ్చి, నేను పాడతాను, సౌండ్ చెక్ చేద్దామా అని అడిగింది. కార్యక్రమం చూస్తున్నాయన ఒప్పుకోలేదు. టైము లేదు, రిస్కు వద్దు, ట్రాక్ ఉంది కదమ్మా అన్నాడు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. సాయంత్రం తన పాటకే తాను పెదవులు కదిపి, దాని కోసమే అవార్డు తీసుకుని వెళ్లిపోయింది. పెళ్లికూతురి ఫొటోను పీటల మీద పెట్టి తాళి కట్టించినట్టుంది నాకు. మనిషి పక్క గదిలోనే ఉంది మరి.

రిస్కు వద్దు అనే మాట దగ్గరే ఆగుదాం. ఈ మాట చెప్పిన ప్రతివాళ్లకూ నేను 1998 ఫిబ్రవరి 25 నాటి గ్రామీ కథ చెబుతాను. వేదిక అదే రేడియో సిటీ మ్యూజిక్ హాల్. ఇటలీ గాయకుడు లుచియానో పవరొట్టికి ఆ రాత్రి లెజెండ్ అవార్డు ఇస్తున్నారు. పుచ్చీని ఒపేరా ‘టురాండాట్’లోని ‘నెస్సున్ డోర్మా’ ఆయన పాడాలి. 1990లో ఇటలీలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రసారాలతో ఆ పాట ఒపేరా ఎరగని ఇళ్లకు కూడా చేరింది. అది పవరొట్టి పాట అని లోకమంతా అనుకునే స్థితి. తీరా కార్యక్రమం మొదలయ్యాక ఆయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. గొంతు బాగాలేదు, రాలేను అని.

వేదిక మీద పెద్ద ఆర్కెస్ట్రా, కోరస్ సిద్ధంగా ఉన్నాయి. ప్రసారం నడుస్తోంది. నిర్మాత కెన్ ఎర్లిక్ పరుగున అరీతా ఫ్రాంక్లిన్ గదికి వెళ్లాడు. అంతకు రెండు రోజుల ముందు పవరొట్టి గౌరవార్థం ఏర్పాటైన విందులో ఆమె ఇదే పాట పాడింది. ఆ సంగతి ఆయనకు గుర్తుంది. ఆమె అప్పటికే అదే రాత్రి ‘రెస్పెక్ట్’ పాడేసి వచ్చింది. వయసు 55. అమెరికాలో నల్లజాతి చర్చి గీతాల మధ్య పెరిగిన సోల్ గాయని. రిహార్సల్‌లో పవరొట్టి పాడిన టేపు తెప్పించుకుని విన్నది. పాడతానంది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. మన ఆర్కెస్ట్రాల్లో మగవాళ్ల పాటను ఆడవాళ్లు పాడాల్సి వస్తే కీబోర్డు వాయించే తమ్ముడు ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతాడు. క్షణంలో శ్రుతి మారిపోతుంది. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాకు అలాంటి మీట ఉండదు. ప్రతి వాయిద్యకారుడి ముందున్న స్వరలిపి కాగితం మళ్లీ రాయాలి. అందుకు ఆ రాత్రి వ్యవధి లేదు. కాబట్టి పవరొట్టి శ్రుతికి కట్టిన సంగీతంలోనే, ఆయన కోసం సిద్ధమైన ఆర్కెస్ట్రాతోనే ఆమె పాడింది. ఒపేరా పద్ధతిని అనుకరించే ప్రయత్నం చేయలేదు. తన చర్చి గమకాలతో, తన విరుపులతో పాడింది. చివరి పై స్వరం దగ్గరికి వచ్చేసరికి హాలంతా లేచి నిలబడింది.

అదే పరిస్థితి మన వేడుకలో వస్తే ఏం చేసేవాళ్లం? పవరొట్టి రికార్డు వేసి తెర మీద ఆయన ఫొటోలు చూపించేవాళ్లం. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఎవరికీ గుర్తూ ఉండేది కాదు.

అదే రాత్రి బాబ్ డిలన్ పాడుతుండగా వెనక నిలబడ్డ డ్యాన్సర్లలో ఒకడు చొక్కా విప్పేసి, ఛాతీ మీద ఏవో రెండు మాటలు రాసుకుని, డిలన్ పక్కకు వచ్చి పిచ్చిగా ఊగడం మొదలుపెట్టాడు. డిలన్ అతని వైపు ఓసారి చూసి, గిటారు ఆపకుండా పాడుతూనే ఉన్నాడు. కాసేపటికి సిబ్బంది వచ్చి ఆ మనిషిని తీసుకెళ్లారు. ఒకే రాత్రి రెండు ఆటంకాలు వచ్చాయి. రెంటినీ దాటించింది మనుషులే. వేదిక మీద ప్రాణమున్న మనిషి పాడుతుంటే, ఏం జరిగినా సర్దుకునే తెలివి కూడా ఆ మనిషితోనే వేదిక ఎక్కుతుంది. ట్రాక్‌కు ఆ తెలివి లేదు.

గ్రామీ అవార్డులు 1959లో మొదలయ్యాయి. 1971 నుంచి వేడుకను ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారు. ఈ రెండో సంగతి చాలా ముఖ్యం. మన దగ్గర వేడుక ఒక రోజు జరుగుతుంది, టీవీలో వచ్చేది మరో రోజు. మధ్యలో ఎడిటింగ్ టేబుల్ ఉంటుంది. తడబాటు ఉంటే కోసేస్తారు, చప్పట్లు తక్కువైతే కలుపుతారు. ప్రత్యక్ష ప్రసారంలో ఆ వీలు లేదు. అందుకే అక్కడ వేడుకకు ముందు రోజుల తరబడి రిహార్సల్స్ చేస్తారు. హాలు బయట ట్రక్కుల్లో మిక్సింగ్ గదులు ఉంటాయి. హాల్లో వినేవాళ్లకు ఒక మిక్స్, టీవీలో వినేవాళ్లకు వేరే మిక్స్. ఒక వేదిక మీద పాట నడుస్తుండగానే పక్క వేదిక మీద తర్వాతి బృందానికి మైకులు అమరుస్తారు. రిస్కుకు భయపడి పాటను మానుకోకుండా, ఆ రిస్కును మోయగలిగేంత పని ముందే చేసుకుంటారు.

అంత చేసినా తప్పులు జరుగుతాయి. 2016 ఫిబ్రవరి 15న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ వేడుకలో గాయని అడెల్ ‘ఆల్ ఐ ఆస్క్’ పాడుతుండగా పియానో లోపల అమర్చిన మైకులు జారి తీగల మీద పడ్డాయి. ఎవరో అపశ్రుతిలో గిటారు మీటుతున్నట్టు వికారమైన మోత వచ్చింది. మధ్యలో కాసేపు శబ్దం కూడా పోయింది. కోట్ల మంది చూస్తున్నారు. ఆమె ఆగకుండా పూర్తి చేసింది. ఆ వీడియో చూస్తుంటే నా అరచేతులు చెమట పట్టాయి. పియానోలో మైకు ఎలా బిగిస్తారో, అది జారితే ఎలాంటి చప్పుడొస్తుందో తెలిసినవాడికి ఆ రెండు మూడు నిమిషాలు నరకం.

మరుసటి ఏడాది, 2017 ఫిబ్రవరి 12న, ఆమె మళ్లీ అదే వేదికకు వచ్చింది. అంతకు ముందు క్రిస్మస్ రోజున చనిపోయిన గాయకుడు జార్జ్ మైకేల్‌కు నివాళిగా ఆయన పాట ‘ఫాస్ట్‌లవ్’ను నెమ్మదైన నడకలో, తీగ వాయిద్యాలతో పాడుతోంది. మొదట్లోనే శ్రుతి తప్పింది. ఆమె పాట ఆపేసింది. నోరు జారి ఒక బూతు మాట కూడా అంది, దానికి క్షమాపణ చెప్పింది. ఆయన కోసం పాడేదాన్ని పాడుచేయలేను, మళ్లీ మొదటి నుంచి పాడనివ్వండి అని వేడుకుంది. హాలంతా చప్పట్లతో ధైర్యం చెప్పింది. రెండోసారి పాడి ముగించేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లు. ఆ రాత్రి ఆమెకు 5 గ్రామీలు వచ్చాయి. ఉత్తమ ఆల్బమ్, రికార్డ్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ మూడూ ఆమెవే. పాట మధ్యలో ఆపేసినందుకు ఆమె గౌరవం వీసమెత్తు తగ్గలేదు. పైగా పాట మీద, పోయిన మనిషి మీద ఆమెకెంత గౌరవముందో లోకానికి తెలిసింది.

ఈ సంగతి మన యువ గాయకులకు గట్టిగా చెప్పాలని ఉంది. వాళ్లలో చాలామంది ట్రాక్ కోరుకోవడానికి కారణం బద్ధకం కాదు, భయం. ఒక్క స్వరం జారితే చాలు, ఎవరో ఫోనులో తీసి, ఆ పది సెకన్ల ముక్కనే లోకమంతా తిప్పుతారు. ఆ భయం నిజమైనదే. కానీ జారిన స్వరాన్ని అక్కడే, అందరి ముందే సరిదిద్దుకున్న గాయనిని జనం గుండెల్లో పెట్టుకున్నారు.

ట్రాక్ దారిలో చివరిదాకా వెళితే ఏమవుతుందో కూడా గ్రామీ చరిత్రే చెబుతుంది. 1990 ఫిబ్రవరిలో ఉత్తమ నూతన కళాకారుల అవార్డు మిలీ వనీలీ అనే జంటకు ఇచ్చారు. ఫాబ్ మోర్వాన్, రాబ్ పిలాటస్ ఆ ఇద్దరు యువకులు. అందగాళ్లు, మంచి డ్యాన్సర్లు. అసలు పాడింది వాళ్లు కాదు. జర్మనీలో నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ వేరే గాయకులతో పాడించి, వీళ్ల ముఖాలతో అమ్మాడు. 1989 జులైలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ప్రదర్శన మధ్యలో ట్రాక్ ఇరుక్కుపోయింది. ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరగడంతో పిలాటస్ వేదిక దిగి పారిపోయాడు. అయినా ఎవరూ గట్టిగా అడగలేదు. గ్రామీ వేదిక మీద కూడా వాళ్లు పెదవులే కదిపారు. చివరికి 1990 నవంబర్‌లో ఫారియన్ స్వయంగా నిజం ఒప్పుకున్నాడు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. తిట్లన్నీ ఆ ఇద్దరు కుర్రాళ్లకే పడ్డాయి. పిలాటస్ 1998లో, నిండా నలభై కూడా రాకుండానే చనిపోయాడు.

మన సినిమాల్లో కూడా పాడేది ఒకరు, పెదవులు కదిపేది ఒకరు కదా, దానికేమంటారు అని కొందరు అడుగుతారు. నిజమే. కానీ మన పద్ధతిలో దాపరికం లేదు. ఎన్టీ రామారావుకు పాడింది ఘంటసాల అని, సావిత్రికి పాడింది సుశీల అని ఊళ్లో ప్రతివాళ్లకూ తెలుసు. తెర మీద పేరు పడేది, గ్రామఫోను రికార్డు మీద పేరు ఉండేది. గాయకుడి కచేరీకి జనం విడిగా టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లు. నేపథ్య గానంలో నటుడికి నటుడి గౌరవం, గొంతుకు గొంతు గౌరవం విడివిడిగా దక్కాయి. మిలీ వనీలీ విషయంలో పాడినవాళ్లను దాచేశారు, నేరమంతా అక్కడే ఉంది. ఇంత నిజాయితీ ఉన్న సంప్రదాయం మనది. దాని వారసులమైన మనం, గాయని హాల్లోనే ఉన్నా ఆమె గొంతు మూసేసి ఆమె రికార్డే వేయడం ఎంత విడ్డూరం!

ట్రాక్‌ను నేను పూర్తిగా కాదనను. మైకేల్ జాక్సన్ మూన్‌వాక్‌ను ప్రపంచానికి చూపించిన రాత్రి, 1983 మార్చిలో పాసడీనాలో జరిగిన మోటౌన్ సంస్థ 25 ఏళ్ల పండుగలో, ‘బిల్లీ జీన్’ ట్రాక్ మీదే నడిచింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, చేయకూడదు కూడా. అక్కడ ప్రాణంతో ఉన్నది నాట్యం. ఆ కాళ్లను ఎవరూ ముందే రికార్డు చేసి పెట్టలేదు. కళాకారుడు ఏ విద్యను చూపించడానికి వచ్చాడో ఆ విద్య మాత్రం మన కళ్ల ముందు జరగాలి. డ్యాన్సర్ కాళ్లు ఆడాలి, గాయకుడి గొంతు పలకాలి, వీణ వాయించేవాళ్ల వేళ్లు మీటాలి.

ఇదంతా పెద్ద సెట్లు, పెద్ద ఖర్చులు ఉంటేనే సాధ్యమని అనుకోవద్దు. గాయని ట్రేసీ చాప్‌మన్ సంగతి చూడండి. 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో, జైల్లో ఉన్న నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. స్టీవీ వండర్ వేదిక ఎక్కబోయే ముందు ఆయన సింథసైజర్ హార్డ్ డిస్క్ కనిపించలేదు. ఆయన సంగీతమంతా అందులోనే ఉంది. పాడలేనని ఆయన వెళ్లిపోయాడు. అప్పటికే తన వంతు పాడేసి దిగిపోయిన చాప్‌మన్‌ను మళ్లీ పంపారు. ఆమె దగ్గర ఉన్నది ఒక గిటారు. అంత పెద్ద స్టేడియంలో ఒంటరిగా నిలబడి ‘ఫాస్ట్ కార్’ పాడింది. అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని ఆ అమ్మాయి ఆ పాటతో ప్రపంచానికి తెలిసింది. 1989 గ్రామీల్లో 3 అవార్డులు అందుకుంది.

ఆ తర్వాతి కాలంలో ఆమె క్రమంగా ప్రజాజీవితానికి దూరమైంది. 2023లో కంట్రీ గాయకుడు ల్యూక్ కూంబ్స్ ఆ పాటను మళ్లీ పాడాడు. 2024 ఫిబ్రవరి 4న గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. మొదట కెమెరా గిటారు మీటుతున్న వేళ్లను చూపించింది. తర్వాత ఆమె ముఖం కనిపించింది. జుట్టు నెరిసింది, గొంతు అలాగే ఉంది. హాలు హోరెత్తిపోయింది. కూంబ్స్ ఆమె వైపే చూస్తూ, ఆమె పాడుతున్న మాటలకు తాను పెదవులు కలుపుతూ, అభిమానిలా నిలబడ్డాడు. ముందు వరుసల్లో కూర్చున్న పెద్ద పెద్ద గాయకులు లేచి గొంతు కలిపారు. 36 ఏళ్ల కిందటి పాట మళ్లీ అమ్మకాల పట్టికలకెక్కింది.

అదే వేదిక మీద అదే రాత్రి గాయని జోనీ మిచెల్ పాడింది. 80 ఏళ్ల మనిషి. 2015లో మెదడులో రక్తనాళం దెబ్బతిని, మాట, నడక మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. గ్రామీ వేడుకలో పాడటం ఆమెకు అదే మొదటిసారి. కుర్చీలో కూర్చుని, ‘బోత్ సైడ్స్ నౌ’ అనే పాట పాడింది. ఇరవై దాటిన వయసులో రాసిన పాట అది. అప్పటి సన్నని పై గొంతు ఇప్పుడు లేదు. బరువైన, గరగరలాడే కింది గొంతు ఉంది. పాట అర్థమే మారిపోయింది. పాత రికార్డు వేసి ఆమెను కూర్చోబెట్టి ఉంటే మనకు ఆ ముసలి గొంతు చెప్పిన సంగతి తెలిసేదే కాదు.

2012లో గాయని విట్నీ హ్యూస్టన్ ఫిబ్రవరి 11న చనిపోయింది. మర్నాడే గ్రామీ వేడుక. ఒక్క రోజులో కార్యక్రమం మార్చుకున్నారు. జెనిఫర్ హడ్సన్ ఒక్క దీపం వెలుగులో, పియానో తోడుగా, విట్నీ పేరు మోగించిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాడింది. గొంతు జీరబోయే చోట్ల కూడా తమాయించుకుని పాడింది. ఒక వృత్తి వాళ్లంతా తమ మనిషిని పోగొట్టుకున్న రోజున ఒకచోట చేరితే ఏం చేయాలి? పాడాలి. అవార్డుల వేదిక ఆ పనికి కూడా ఉంది.

ఇక మన సొంత గర్వం దగ్గరికి వద్దాం. 2023 మార్చి 12న, మనకు 13వ తేదీ ఉదయం, లాస్ ఏంజెలెస్ డాల్బీ థియేటర్లో ఆస్కార్ వేడుక. అది సంగీతానికి మాత్రమే సంబంధించిన వేడుక కాకపోయినా, ఉత్తమ గీతం పోటీలో ఉన్న పాటలను అప్పట్లో అక్కడ వేదిక మీద పాడించేవాళ్లు. దీపికా పదుకోణ్ పరిచయం చేశాక రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ‘నాటు నాటు’ పాడారు. చుట్టూ డ్యాన్సర్లు ఆడారు. హాలంతా లేచి నిలబడింది. స్వరకర్త కీరవాణి, గీత రచయిత చంద్రబోస్‌లకు అవార్డు వచ్చింది. డ్యాన్సర్లలో దక్షిణాసియా మూలాలున్నవాళ్లకు చోటు దక్కలేదన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే. కానీ నా కళ్లు చూసింది వేరే సంగతి. ఆ వేదిక మీద మైకులు పట్టుకుని పాడింది రికార్డింగ్‌లో పాడిన ఇద్దరే. సినిమాలో హీరోలు తారక్, చరణ్ ముఖాల వెనక ఉన్న గొంతులు అక్కడ ముందుకు వచ్చి నిలబడ్డాయి.

డ్యాన్సు చేస్తూ పాడితే ఊపిరి అందదు, అందుకే ట్రాక్ అని మన నిర్వాహకులు ఎప్పుడూ చెప్పే మాటకు జవాబు అక్కడే ఉంది. పాడేవాళ్లను పాడనివ్వండి, ఆడేవాళ్లను ఆడనివ్వండి. మన నేపథ్య గానానికి ఇంతకన్నా సహజంగా నప్పే వేదిక పద్ధతి మరొకటి లేదు. మన పాటను మనమే వేదిక మీద ఎలా చూపించాలో ఎక్కడో డాల్బీ థియేటర్లో చూసి నేర్చుకోవాల్సి రావడం నన్ను బాధపెట్టింది. ఎందుకంటే ఆ విద్య మన దగ్గర పుష్కలంగా ఉంది. 1996 నుంచి ఈటీవీలో వచ్చిన ‘పాడుతా తీయగా’లో పిల్లలు వాయిద్య బృందంతో కలిసి పాడారు. తప్పితే తప్పు వినిపించింది, కార్యక్రమం నడిపిన ఎస్పీ బాలు గారు ఆప్యాయంగా సరిదిద్దారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. అమెరికాలో తానా, ఆటా వంటి తెలుగు సంఘాల సభల్లో జరిగే సంగీత విభావరుల కోసం మనవాళ్లు వందల మైళ్లు కారు నడుపుకుని వెళతారు. ఎదురుగా నిలబడి పాడే పాటకు తెలుగువాళ్లు ఎప్పుడూ మొహం చాటేయలేదు.

నిర్వాహకులు చెప్పే రెండో కారణం డబ్బు. వయొలిన్లు, ఫ్లూటు, తబలా, డోలక్, గిటార్లు, వాళ్ల ప్రయాణం, బస, రిహార్సల్ కలిపితే ఖర్చవుతుంది. కాదనను. కానీ ఎల్ఈడీ తెరలకు, పూల అలంకరణకు, తారల రాకపోకలకు పెట్టే ఖర్చు నేను దగ్గరగా చూస్తూనే ఉన్నాను. అందులో చిన్న భాగం చాలు. నా చుట్టూ ఉన్న వాయిద్యకారుల్లో చాలామంది ఇవాళ వేరే పనులు వెతుక్కున్నారు. ఒకప్పుడు విభావరికి నిండుగా ఆర్కెస్ట్రా కూర్చునేది. ఇప్పుడు ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ఒక లాప్‌టాప్. సంగీతానికి అవార్డులిచ్చే వేదిక కూడా సంగీతకారులకు పని ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?

కాబట్టి నేను అడిగేవి ఇవీ. ఉత్తమ గీతం, ఉత్తమ గాయనీ గాయకుల పోటీలో ఉన్న పాటల్లో కొన్నింటినైనా వాళ్ల చేతే వేదిక మీద పాడించాలి. 2025లో ఆస్కార్ వాళ్లు పోటీ పాటలు పాడించే ఆనవాయితీని పక్కన పెట్టారు. ఆ పనిని మనం ఆదర్శంగా తీసుకోకూడదు. వేడుకకు ముందు రోజు ఒక పూట పూర్తిగా సౌండ్ చెక్‌కు వదిలేయాలి. తారల ఎంట్రీ రిహార్సల్‌కు ఇచ్చేంత సమయం పాటకూ ఇవ్వాలి. వాయిద్యకారులను తెర వెనక దాచకుండా వేదిక మీద కూర్చోబెట్టి, టీవీలో వాళ్ల పేర్లు వేయాలి. తప్పనిసరై ట్రాక్ వేస్తే, ఇది రికార్డు చేసిన పాట అని తెర మీద ఒక వరుస వేయాలి. చూసేవాళ్లకు ఆ నిజం తెలుసుకునే హక్కు ఉంది. గాయకులు కూడా ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే, నా మైకు తెరిచి ఉండాలి అని పట్టుబట్టాలి. పేరున్నవాళ్లు అడిగితే చిన్నవాళ్లకు కూడా దారి ఏర్పడుతుంది.

నా వృత్తిలో ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. లైవ్ అంటే మనకు పని పెరుగుతుంది. ఫీడ్‌బ్యాక్ కూత రాకుండా చూసుకోవాలి, మానిటర్‌లో గాయనికి తన గొంతు తనకు వినపడేలా అమర్చాలి, తబలా మైకు నుంచి వయొలిన్ల దాకా అన్నీ కాచుకోవాలి. ఆ కష్టమే మన విద్య. ట్రాక్ వేసిన రోజున మన అవసరం ఎవరికీ లేదు.

ఈ ఏడాది అవార్డుల వేడుక చేయబోతున్నవాళ్లు ఎవరైనా సరే, ఒక్క పాటతో మొదలుపెట్టండి. ఉత్తమ గాయని పేరు ప్రకటించగానే ఆమె చేతికి జ్ఞాపికతో పాటు తెరిచి ఉన్న మైకు కూడా ఇవ్వండి. ఆ పాట నుంచి ఒక చరణం పాడమనండి. ఆమెకు అవార్డు ఎందుకిచ్చారో ఆ తర్వాత యాంకర్ వివరించాల్సిన పని ఉండదు.